ఎల్బీ నగర్‌లో వియ్యాలవారి విహారయాత్ర

పెళ్ళికి పై ఊళ్ళ నుంచి వచ్చిన చుట్టాలను ఊరు తిప్పి చూపించే పని ప్రతి ఇంట్లోనూ ఎవడో ఒకడి మెడకు చుట్టుకుంటుంది. వంటవాళ్ళ మీద అరవలేనివాడు, పూలవాడితో బేరం చేయలేనివాడు, నగల సంచీ చేతికిస్తే ఆటోలో మరిచిపోయి దిగేవాడు ఎవడున్నాడా అని వెతికి, వాడికి అప్పగిస్తారు. మా మేనకోడలి పెళ్ళిలో ఈ యోగ్యతలన్నీ ఒక్క మనిషిలోనే మూర్తీభవించి ఉన్నాయని ఇంటిల్లిపాదీ గుర్తించారు. ఆ మనిషి పిల్లకు మేనమామ. అంటే నేను.

పెళ్ళికొడుకు తరఫువాళ్ళది నూజివీడు. రాత్రి బస్సెక్కి పొద్దున్నే ఎల్బీ నగర్‌లో దిగుతారు. ఆ సాయంత్రం ఎదుర్కోలు, మర్నాడు పెళ్ళి. మధ్యలో ఎండాకాలపు పగలొకటి ఉంది. ఆ పగలంతా వాళ్ళకు ఏదో ఒకటి చూపించి మరిపించాలి. చార్మినార్‌కు తీసుకెళ్తే ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఎదుర్కోలుకు కాదు కదా, పెళ్ళికొడుకు షష్టిపూర్తికి కూడా తిరిగి రారని మా బావ తేల్చాడు. గోల్కొండ సంగతి చెప్పనే అక్కర్లేదు, అది మాకు పరదేశం. కనుక దిల్‌సుఖ్‌నగర్‌కూ ఎల్బీ నగర్‌కూ నడుమ ఉన్న సుందర దృశ్యాలే గతి.

నేను ఈ నేల మీద పుట్టినవాణ్ణే. అయినా చెప్తున్నాను. దేవుడు హైదరాబాద్‌ను పంచిపెట్టేటప్పుడు పాతబస్తీకి మీనార్లిచ్చాడు, పడమటి వైపుకు అద్దాల మేడలిచ్చాడు. మా తూర్పువాళ్ళు ఆలస్యంగా వెళ్ళి ఉంటారు, మిగిలిన సిగ్నళ్ళు, షటర్లు చేతిలో పెట్టి పంపించాడు. మా తాతలకు ఇక్కడ జొన్నచేలు ఉండేవి. మావాళ్ళకు ఊరు చూపించడమంటే, ఏ బట్టల దుకాణం కింద ఎవరి జొన్నచేను ఉండేదో వేలు పెట్టి చూపించి నిట్టూర్చడం, ఆ చేను ఎంత తొందరపడి అమ్ముకున్నారో చెప్పి మళ్ళీ నిట్టూర్చడం. మాకు ఇది మహా రమ్యంగా ఉంటుంది. చూసేవాళ్ళకు బట్టల దుకాణమే కనిపిస్తుంది.

ఇంతమాత్రానికే ప్రాణం మీదికి వచ్చిందా అంటారేమో. వచ్చింది. ఎనభై దాటిన ఒక పెద్దాయన రూపంలో వచ్చింది.

ఆయన పెళ్ళికొడుకు తాతగారు. మామిడి తోటల మనిషి. ఆయన వీధి అరుగు మీద దగ్గితే వంటింట్లో స్టవ్వు ఆరిపోతుందని ఆ ఇంట్లో ప్రతీతి. నిశ్చితార్థం నాడు గంజి పెట్టిన పంచె, చేతికి వేలాడే కర్రతో ఆయన మా ఫంక్షన్ హాలుకు వేంచేశాడు. మా బావకు బఫే అంటే భక్తి. దోసెలకో కౌంటరు, చాట్‌కో కౌంటరు, పేరు పలకలేని దేశాల వంటలకు వరుసగా నాలుగు కౌంటర్లు పెట్టించాడు. ఎవరో ఆయన చేతిలో ఓ ప్లేటు పెట్టి, పనీరు కోసం కొట్టుకుంటున్న కుర్రాళ్ళ వెనక నిలబెట్టారు. ఆయన పెరుగన్నం ఏదని అడిగితే, గరిటె పట్టుకున్నవాడు "లైన్ల రా తాతా" అన్నాడట. ఆయన ప్లేటును తీసుకెళ్ళి బ్యాండువాళ్ళ డోలు మీద పెట్టి, కారులో కూర్చుని రెండు అరటిపళ్ళు తిని వెళ్ళిపోయాడు.

ఇక్కడ రెండు వైపుల ఆచారం కాస్త చెప్పాలి. వాళ్ళ వైపు పెద్దవాళ్ళను ఇంకొంచెం వేసుకోమంటే మొదటిసారి వద్దంటారు. రెండోసారీ వద్దంటారు. మూడోసారి అడిగితే, కేవలం మీ తృప్తి కోసం అన్నట్టు ముఖం పెట్టి వేసుకుంటారు. ఆ మొదటి రెండు వద్దులూ కచేరీకి ముందు శ్రుతి చూసుకోవడం లాంటివి. మా వైపు వద్దంటే వద్దనే. ఒకసారి వద్దన్నవాణ్ణి మళ్ళీ అడిగితే వాడి మాటకు విలువ ఇవ్వనట్టు. అందుచేత వాళ్ళు మా ఇళ్ళలో ఆకలితో మాడిపోతారు, మేము వాళ్ళ ఇళ్ళలో అజీర్తితో పోతాం.

పెద్దాయన ఊరికి వెళ్ళాక ఒకే మాట అన్నాడని కబురొచ్చింది. "పెళ్ళికి వస్తాను. ఇంకోసారి నన్ను అడిగేవాడు లేకపోతే మాత్రం, తలంబ్రాలు కూడా చూడకుండా బండెక్కుతాను."

ఆ కబురు విన్ననాటి నుంచీ మా అక్కకు, అంటే పెళ్ళికూతురి తల్లికి, నిద్ర లేదు. నన్ను పిలిచి తలుపు వేసింది.

"తమ్మీ, నువ్వేం జేస్తవో నాకు తెల్వది. ఆ పెద్దమనిషి రైలు గిట్ల ఎక్కిండనుకో, నా బిడ్డను ఆ ఇంట్ల జిందగీ మొత్తం పొడుస్తరు. మీ పుట్టింటోళ్ళు మా తాతను లైన్ల నిలబెట్టిండ్రు, బువ్వకు అడిగినోడు లేడు అని. పిల్ల ముసల్దయినంక గూడ అంటరు."

"గంత చిన్నదానికి జిందగీ మొత్తం ఎవలంటరక్కా?"

"ఎందుకనరు? మీ బావ మేనత్త నా పెండ్లిల నాకు చల్లారిన చాయ్ ఇచ్చింది. నేనింక అంటలేనా?"

నిజమే. ఆ చాయ్ గురించి నేను ఎన్నిసార్లు విన్నానంటే, దాని మీద కట్టిన మీగడ కూడా నాకు కళ్ళకు కడుతుంది.

ఇక మా బావ. ఈయన వృత్తి భూమిని ముక్కలు చేయడం. హైవే మీద బాటసింగారం దగ్గర ఆయన భాగస్థుడిగా ఒక వెంచర్ ఉంది. ఆదివారం ఆదివారం జనాన్ని ఏసీ బస్సులో తీసుకెళ్ళి, టెంటు కింద భోజనం పెట్టి, ఎర్రమట్టిని చూపించి, ఇదే రేపటి మహానగరం అంటారు. మా వైపు ఎవరికైనా తీరిక పగలు దొరికితే వెంచర్‌కు పోతారు. పార్కుకు పోతే పార్కు మనది కాదు గదా అంటారు.

"బామ్మర్దీ, జర గూడ పరేషాన్ గాకు" అన్నాడు బావ. "బస్సు నేనిస్త. పొద్దుగాల నువ్వు దిల్‌సుఖ్‌నగర్ అంత తిప్పు. బువ్వకు మన వెంచర్ కాడికి తీస్కపో. టెంట్ ఉంది, కుర్చీలున్నయి, పప్పు, కూర, పెరుగు అన్నీ అక్కడ్నే. పెండ్లోళ్ళకు వేరే ఖర్చెందుకు?"

"పెండ్లోళ్ళను ప్లాట్లు సూడనీకి తీస్కపోవుడేంది బావా?"

"సూడమని ఎవలన్నరు? తిని రమ్మంటున్న. కండ్లు తెర్సుకోని తింటే కనిపిస్తయి, అంతే."

ఆదివారం తెల్లవారింది. పెళ్ళివారు విడిదిలో స్నానాలు చేసి, ఫలహారాలు కానిచ్చి బస్సు దగ్గరికి వచ్చారు. బస్సు ముందు "మీ సొంత ఇంటి కలకు స్వాగతం" అన్న బ్యానర్ మీద పెళ్ళి బ్యానర్ కట్టారు గానీ అది పొట్టిది. దాంతో వధూవరుల పేర్ల కింద "సులభ వాయిదాలలో" అన్న ముక్క బయటికి కనిపిస్తోంది. పెద్దాయన కర్ర ఆనించి దాన్ని మొత్తం చదివాడు. చదివి, మెట్టు మీద కర్ర గట్టిగా ఆనించి బస్సెక్కాడు.

మొదటి దృశ్యం దిల్‌సుఖ్‌నగర్ ప్రధాన రహదారి. మేడల నిండా పిల్లల ఫొటోలు, ఒక్కో ముఖం మా ఇంటి హాలంత ఉంటుంది.

"అన్నయ్యగారూ, వీళ్ళంతా ఇక్కడి నాయకులాండీ?" అని పెళ్ళికొడుకు మేనత్త అడిగింది.

"కాదండీ, ర్యాంకులొచ్చిన పిల్లలు. ఇవన్నీ కోచింగ్ సెంటర్లు."

"మరి ఈ అబ్బాయి అక్కడా ఉన్నాడు, ఇక్కడా ఉన్నాడు, ఆ మూడో మేడ మీదా ఉన్నాడేవిటండీ?"

"బాగా చదివేవాడండీ. మూడు చోట్లా చదివాడు."

"పాపం, తిన్నాడో లేదో" అన్నాడు పెద్దాయన. అదీ ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి మాట. నాకు వినబడాలనే అన్నాడు.

రెండో దృశ్యం చీరల దుకాణాలు. చూసి వచ్చేస్తామని ఆడవాళ్ళు లోపలికెళ్ళారు. లోపలికెళ్ళినప్పుడు ఎండ లేతగా ఉంది. బయటికొచ్చేసరికి ఫుట్‌పాత్ మీద గుడ్డ పరిచి పిన్నులమ్మేవాడు ఒక తరం ముసలివాడైపోయాడు. ఆ సేపంతా నేను పెద్దాయన పక్కన నిలబడి, ఆ ఎదుటి జోళ్ళ కొట్టు కింద మా చిన్నతాత జొన్నచేను ఉండేదని చెప్పాను. ఆయన జోళ్ళ వైపు చూశాడు. చెరుకురసం తాగుతారా అని అడిగాను. "ఎందుకులే బాబూ" అన్నాడు. సరేనని నేనొక్కణ్ణే తాగాను. గ్లాసు ఖాళీ అయ్యాక అక్క మాటలు గుర్తొచ్చి, ఆ రసం అంతా గొంతులోనే చేదైపోయింది.

మూడో దృశ్యానికి మెట్రో ఎక్కించాను. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీ నగర్ దాకా ఆకాశమార్గాన విహారం అని ముందే ఊదరగొట్టి ఉంచాను. ఆకాశమార్గం నుంచి కనిపించేవి మేడల నెత్తిన నల్ల నీళ్ళ ట్యాంకులు, ఆరేసిన దుప్పట్లు, ఒకచోట పళ్ళు తోముకుంటున్న ఒక పెద్దమనిషి. ఆయన మావాళ్ళ వైపు బ్రష్షు ఊపాడు. పెట్టెలో ఒక కుర్రవాడు లేచి పెద్దాయనతో "కూర్చోండి అంకుల్" అన్నాడు. ఆయన "పర్లేదు బాబూ" అన్నాడు. కుర్రవాడు చక్కగా మళ్ళీ కూర్చుని ఫోను చూసుకోసాగాడు. మావాడే అయి ఉంటాడు.

"ఇంతకీ మార్కెట్ ఎప్పుడు చూపిస్తావయ్యా?" అన్నాడు పెద్దాయన ఊగుతున్న పట్టీ పట్టుకుని.

"ఏ మార్కెట్టండీ?"

"గడ్డిఅన్నారం పళ్ళ మార్కెట్. ముప్ఫై ఏళ్ళు నా కాయ ఇక్కడికే పంపాను. బంగినపల్లి, రసాలు, కలెక్టరు కాయ, ఏది లారీకెత్తినా గడ్డిఅన్నారమే. లారీ వెనక ఒక్కసారైనా వద్దామనుకుంటే తోట కదలనిస్తేగా. ఇప్పుడు తోట పిల్లలు గుత్తకిచ్చేస్తున్నారు. మీ ఊళ్ళో నేను చూడాలనుకున్నది అదొక్కటే. ఈ బొమ్మలూ చీరలూ నాకెందుకు?"

ఇంతసేపూ ఆయనకు నచ్చేది ఏదా అని నేను పిన్నులమ్మేవాడి దగ్గర కూడా వెతికాను. ఆయన అడిగిన ఒకే ఒక్కటి ఊళ్ళో లేదు. కిటికీలోంచి చూపించాను. అక్కడ క్రేన్లు, ఇనుప చువ్వలు, ఆకాశంలోకి లేస్తున్న కట్టడం.

"అదేనండీ. మార్కెట్‌ను ఊరవతలికి మార్చారు. ఇక్కడ పెద్ద దవాఖాన కడుతున్నారు."

ఆయన రైలు ముందుకెళ్ళిపోయినా మెడ తిప్పి చూస్తూనే ఉన్నాడు. "నా కాయలు గడ్డి పరుచుకుని పడుకున్న చోట ఇక మనుషులు పడుకుంటారన్నమాట" అన్నాడు.

ఎల్బీ నగర్‌లో దిగాం. కింద నాలుగు జిల్లాల బస్సులు, పైన ఫ్లైఓవర్లు, వాటి కింద మళ్ళీ అండర్‌పాస్‌లు, సంచులతో పరిగెత్తే జనం. మా వైపు ఇదే సంగమం, ఇదే క్షేత్రం అన్నట్టు చెయ్యి చాపి చూపించాను.

"ఇది పొద్దున చూశాం కదయ్యా. ఇక్కడే కదూ బస్సు దిగాం" అన్నాడు పెద్దాయన.

మార్కెట్ ఎక్కడికి మారిందో తెలుసా మీకు? బాటసింగారానికి. మా బావ వెంచర్‌కు కూతవేటు. ఇంతవరకూ బావను మనసులో తిట్టుకున్నవాణ్ణి ఒక్కసారిగా దణ్ణం పెట్టుకున్నాను. కింద కాచుకుని ఉన్న బస్సు అందర్నీ ఎక్కించుకుని హయత్‌నగర్ దాటి హైవే ఎక్కింది.

మేము చేరేసరికి పొద్దుటి వేలాలు ముగిశాయి. షెడ్ల కింద గడ్డి, ఖాళీ క్రేట్లు, మగ్గిన మామిడి వాసన. ఆ వాసనకు ఆయన నడుము నిటారైంది. కర్ర చంకలో పెట్టుకున్నాడు. ఒక కుప్ప దగ్గర ఆగి కాయను తీసుకుని ముచ్చిక దగ్గర వాసన చూశాడు. ముఖంలో ఏదో వెలిగింది. నేను లోపల లడ్డూలు పంచుకుంటున్నాను.

"ఏం గావాలె తాతా?" అన్నాడు ఆ కొట్టు గుమాస్తా ఫోన్లోంచి తల ఎత్తకుండా.

"ఏమీ వద్దు బాబూ. చూస్తున్నాను."

"గట్లయితె జర పక్కకు జరుగు. లారీ రావాలె."

ఆయన కాయను కుప్ప మీద, ఎక్కడ తీశాడో అక్కడే పెట్టాడు. వెనక్కి తిరిగి వచ్చి బస్సు ఎక్కి కూర్చున్నాడు. "రాత్రికి విజయవాడ బండ్లు ఏ టైముకున్నాయి?" అని డ్రైవర్‌ను అడిగాడు. పెళ్ళికొడుకు మేనత్త నా వైపు చూసిన చూపు, సరిగ్గా మా అక్క చల్లారిన చాయ్ గురించి చెప్పేటప్పుడు పెట్టే చూపే. ఆ క్షణంలో నాకు మా మేనకోడలు తలనెరిసి, పళ్ళూడి, ఆ ఇంటి వసారాలో మాటలు పడుతూ కనిపించింది.

ఆ స్థితిలో మేము వెంచర్ చేరుకున్నాం.

మా బావ పెళ్ళిపనుల్లో పడి వెంచర్‌వాళ్ళకు ఒక్క ముక్క చెప్పడం మరిచిపోయాడు. ఇవాళ వచ్చేది పెళ్ళివారి బస్సని వాళ్ళకు తెలియదు. వాళ్ళకు తెలిసిందల్లా, బస్సు వచ్చింది, అందులోంచి గంజి పంచె కట్టిన ఒక ముసలాయన దిగాడు, వెనక పట్టుచీరలు దిగాయి. మట్టి కొనేవాళ్ళు సరిగ్గా ఇలాగే ఉంటారు.

టెంటులోంచి ఒక పెద్దమనిషి ఉరికొచ్చాడు. నడిమి ఎండలో మెడకు టై. ఒకప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో లెక్కలు చెప్పి, పిల్లలు మాట వినక ప్లాట్లలోకి వచ్చాడని తర్వాత తెలిసింది. పెద్దాయన తల మీద గొడుగు పట్టాడు.

"రండి సార్, మీకోసమే చూస్తున్నాం. ఇలా కుర్చీలో కూర్చోండి."

"పర్లేదు బాబూ, నిలబడతాను."

"అలా అంటే ఎలా సార్? కూర్చోండి."

"ఎందుకులే."

"మీరు కూర్చుంటే గానీ మేమెవ్వరం కూర్చోం సార్."

పెద్దాయన కూర్చున్నాడు. నేను పక్కనే ఉన్న గుంజను పట్టుకున్నాను. టై మనిషి అక్కడితో ఆగలేదు. మజ్జిగ తెచ్చాడు. వద్దంటే వినలేదు. రెండోసారి వద్దంటే, తాను తప్పు చేసినట్టు చేతులు కట్టుకున్నాడు. మూడోసారికి గ్లాసు పెద్దాయన చేతిలో ఉంది. భోజనం దగ్గర ఇంకా చిత్రం. టేబుల్ మీద ఆకు వేయించి, పప్పు దగ్గర మూడుసార్లు, కూర దగ్గర మూడుసార్లు, పెరుగు దగ్గర నాలుగుసార్లు బతిమాలాడు. వద్దు అనే మాటను లెక్కలోకి తీసుకునే మనిషి ప్లాట్ల వ్యాపారంలో ఒక్క పూట కూడా బతకలేడు కదా. ఆ వృత్తిధర్మమే ఆ పూట నూజివీడు మర్యాదతో అక్షరం అక్షరం సరిపోయింది.

"ఏమయ్యా" అన్నాడు పెద్దాయన నాతో, పెరుగులో వేలు తిప్పుతూ. "వీళ్ళంతా మీవాళ్ళేనా?"

"మావాళ్ళేనండీ. దగ్గరివాళ్ళు."

"మరి వీళ్ళను నిశ్చితార్థానికి ఎందుకు పిలవలేదు?"

చేతులు కడుక్కోగానే అసలు గండం మొదలైంది. టై మనిషి పుస్తకం, పెన్ను తీసుకుని వచ్చి మోకాళ్ళ మీద వంగాడు.

"సార్, మీకు ఈస్ట్ ఫేసింగా, నార్త్ ఫేసింగా?"

పెద్దాయనకు సంగతి తెలిస్తే ఇంకేముంది. ఇంతసేపూ తనకు జరిగిన మర్యాద మట్టిబేరమని తెలిస్తే, రాత్రి బండి కాదు, అక్కడికక్కడే హైవే మీద చెయ్యెత్తి లారీ ఎక్కుతాడు. నేను మధ్యలో దూరాను.

"రాత్రి మీరు ఏ దిక్కుకు కూర్చుని భోంచేస్తారని అడుగుతున్నాడండీ. మావాళ్ళకు పట్టింపు."

"తూర్పు" అన్నాడు పెద్దాయన.

టై మనిషి రాసుకున్నాడు. "కార్నర్ తీసుకుంటారా సార్, మధ్యలోనా?"

"మూలన వేయమంటారా, మధ్యలోనా అనండీ, కుర్చీ."

"మూలనే మేలు. వచ్చేపోయేవాళ్ళు తగలరు."

టై మనిషి ఆ మాట కింద రెండుసార్లు గీత గీశాడు. మూల ప్లాటు అమ్మి చాలా కాలమైనట్టుంది. "రెండొందలా సార్, మూడొందలా?"

"మీ తరఫున రాత్రి ఎందరొస్తారని" అన్నాను, నోటికి వచ్చినట్టు.

"మూడొందలు వేసుకోమను" అన్నాడు పెద్దాయన ప్రశాంతంగా.

టై మనిషి ఆయన పాదాలకు దణ్ణం పెట్టినంత పని చేసి, ఫోన్ నెంబరు రాయించుకుని, గొడుగు పట్టి బస్సు మెట్ల దాకా సాగనంపాడు.

తిరుగుదారిలో ఎల్బీ నగర్ దగ్గర ఊరు ఊరంతా మా బస్సు ముందుకొచ్చి నిలబడింది. ఆ రోజు మంచి ముహూర్తం కాబోలు, ఫంక్షన్ హాళ్ళన్నీ ఒకేసారి బ్యాండు మొదలెట్టాయి. మేము చేరేసరికి బావ వాకిట్లో పానకం బిందెతో, నీరసంతో నిలబడి ఉన్నాడు. ఎదుర్కోలు సవ్యంగా జరిగింది. రెండు వైపులా ఎదురెదురుగా నిలబడ్డారు, పానకాలు తాగించుకున్నారు, పెద్దాయన మా బావను అలాయ్ బలాయ్ చేసుకున్నాడు. అక్క దూరం నుంచి నాకు దణ్ణం పెట్టింది. నేను చెయ్యి ఊపి, ఇదేముందిలే అన్నట్టు ముఖం పెట్టాను. అలా ముఖం పెట్టిన కాసేపటికే అంతా తలకిందులైంది.

భోజనాల దగ్గర ఆయనకు వేరే టేబుల్ వేశారు. పట్టుగుడ్డ కప్పారు, మధ్యన పూలు పెట్టారు, కూలరు కూడా పెట్టారు. మనిషిని పెట్టలేదు. అక్కా బావలను ఫొటోగ్రాఫర్ పట్టుకున్నాడు. నన్ను వెళ్ళి ఐసుగడ్డ ఏదో చూడమన్నారు. వడ్డించేవాడొకడు దారిన పోతూ టేబుల్ దగ్గర ఆగి, "ఏం గావాలె?" అన్నాడు. ఆయన ఆచారం ప్రకారం "ఏమీ వద్దు" అన్నాడు. వాడు మా ఆచారం ప్రకారం వెళ్ళిపోయాడు.

నేను వచ్చేసరికి పెద్దాయన లేచి నిలబడి కర్ర వెతుక్కుంటున్నాడు. మేనత్త చేతిలో సంచీ ఉంది. అక్క ఫొటో మధ్యలోంచి పరిగెత్తుకొచ్చింది. "జర కూసోండ్రి, నేనే వడ్డిస్త" అంది. ఆయన వద్దన్నాడు. అక్కకు రెండోసారి అడగడం చేతకాలేదు. కళ్ళు తుడుచుకుంటూ పక్కకు జరిగి దారి ఇచ్చింది. నేను అడుగుదామని ముందుకెళ్ళి, ఆయన వెతుక్కుంటున్న కర్ర తీసి చేతికిచ్చాను. పుట్టి బుద్ధెరిగాక మా ఇంట్లో ఎవరూ ఎవర్నీ రెండోసారి అడిగింది లేదు.

అప్పుడు ద్వారం దగ్గర టై కనిపించింది.

మూడొందల గజాల తూర్పు మూల ప్లాటు చేజారిపోకుండా, ఫారం పట్టుకుని, నెంబరుకు ఫోను చేసి, ఎక్కడున్నారో కనుక్కుని మరీ వచ్చాడు. వచ్చినవాడు ఆయన చేతిలో కర్ర చూశాడు, ఖాళీ టేబుల్ చూశాడు.

"సార్, అదేంటి సార్, తినకుండా పోతున్నారా?"

"ఆకలి లేదు బాబూ."

"నేను మధ్యాహ్నం చూశాను కదా సార్, మీరు పెరుగన్నం ఎంత ఇష్టంగా తిన్నారో. కూర్చోండి."

"వద్దులే."

"మీరు తినకపోతే నాకు ఇవాళ ఇంటికెళ్ళాలని లేదు సార్."

ఇది నిజమే. ఆ నెలలో వాడు ఏమీ అమ్మలేదట. పెద్దాయన కర్ర కుర్చీకి తగిలించి, తూర్పుకు తిరిగి కూర్చున్నాడు. టై మనిషి ఒక చంకలో ఫారాలు పెట్టుకుని, రెండో చేత్తో గరిటె అందుకున్నాడు. మా అక్క వాడి పక్కనే నిలబడి, వాడు ఎలా అడుగుతున్నాడో పెదవులు కదుపుతూ చూస్తోంది. పరీక్ష ముందు పాఠం వల్లించే పిల్లలా ఉంది. పెరుగు దగ్గరకొచ్చేసరికి ఆవిడే గిన్నె లాక్కుంది. "ఇంగొంచెం, మామయ్యగారూ. ఇంగొంచెం. నా మీద ఒట్టు, ఇంగొంచెం." మూడూ కలిపి ఒక్క గుక్కలో అడిగేసింది. ఆయన నవ్వి ఆకు మీద నుంచి చెయ్యి తీశాడు.

భోజనం అయ్యాక టై మనిషి ఫారం విప్పాడు. నేను కళ్ళు మూసుకున్నాను.

"ప్లాటు నాకెందుకయ్యా?" అన్నాడు పెద్దాయన. "నూజివీడులో నాకున్న తోటకే కంచె వేయలేక చస్తున్నాను."

"మరి తూర్పన్నారు, మూలన్నారు, మూడొందలన్నారు కదా సార్?"

"అంత ఇదిగా అడిగావు. అడిగినవాడికి ఏదో ఒకటి చెప్పకపోతే బాగుంటుందా?" తర్వాత నా వైపు తిరిగాడు. "బస్సు మీద సులభ వాయిదాలని రాసుంది. నాకు చదువొచ్చయ్యా. మీరు నా మనవడికి పిల్లనిస్తూ ఒక్కసారి అడిగారు. వీడు మట్టి అమ్ముకోవడానికి నాలుగుసార్లు అడిగాడు. ఎవణ్ణి వియ్యంకుడనుకోవాలో నువ్వే చెప్పు."

మర్నాడు పెళ్ళి జరిగింది. ఆయన తలంబ్రాలు చూశాడు, వెయ్యమంటే అక్షింతలూ వేశాడు. టై మనిషి రెండు పూటలూ భోజనాల దగ్గరే ఉన్నాడు. బావ వాణ్ణి వెంచర్ నుంచి మార్చి పెళ్ళిళ్ళకు పెడదామా అని కూడా ఆలోచించాడు.

నెంబరొకటి వాళ్ళ దగ్గర ఉండిపోయింది కదా. నెంబరు ఇచ్చినవాణ్ణి వెంచర్‌వాళ్ళు వదలరు. రోజూ సాయంత్రం నూజివీడుకు ఫోను. "సార్, బాగున్నారా? భోంచేశారా? మన ఫేజ్ టూ మొదలైంది సార్." పెద్దాయన స్పీకర్ పెట్టి ఇంటిల్లిపాదికీ వినిపించేవాడట. కొత్త కోడలి పుట్టింటివాళ్ళు రోజూ ఫోను చేసి భోంచేశారా అని అడుగుతారని వీధి వీధంతా చెప్పుకున్నారు. తక్కిన కోడళ్ళ పుట్టిళ్ళు వెలవెలబోయాయి. మా మేనకోడలు ఆ ఇంట్లో రాణి అయింది.

తర్వాత ఫోన్లు ఆగిపోయాయి. ప్లాట్లు అయిపోయి కాదు. పెద్దాయన ఫేజ్ టూ మాట ఎత్తనివ్వకుండా మామిడి పూతకు పట్టే తేనెమంచు పురుగు గురించి గంటసేపు చెప్పేవాడట. వెంచర్ ఆఫీసులో ఒక్కొక్కరూ ఆ నెంబరు పక్కవాడి మీదికి తోసి, చివరికి అందరూ కలిసి తీసేశారు. మేనకోడలు నాకు ఫోను చేసింది.

"మామా, గిదేంది? తాతయ్య పొద్దుగూకంగనే ఫోన్ పక్కన కూసుంటున్నరు. మీవాళ్ళు మర్చిపోయిన్రా అని ఇయ్యాల మా అత్త అడిగింది. జర నువ్వన్న చెయ్యి."

ఊరు చూపించడానికి ఎవడు పనికొచ్చాడో వాడే దీనికీ పనికొచ్చాడు. ఇప్పుడు సాయంత్రమైతే నేను ఫోను చేస్తున్నాను. భోంచేశారా అంటాను. ఇంకా లేదంటాడు. తినండి అంటాను. ఆకలి లేదంటాడు. అక్కడికి నా దగ్గర సరుకు అయిపోతుంది. "ఆ టై అతను నయమయ్యా, నువ్వు పాస్ మార్కులకే చదువుతున్నావు" అంటాడు. అయినా పట్టు వదలకుండా సాధన చేశాను. మొన్న మొట్టమొదటిసారి, తినండి తినండి అని మూడుసార్లూ పూర్తి చేశాను. ఆయన మనసు కరిగినట్టే ఉంది.

"మా రసాలు కోతకొచ్చాయి. బుట్టెడు పంపించనా?" అన్నాడు.

నూజివీడు రసాలు. నాకు ఫోన్లోంచే వాసన వచ్చింది. వెంటనే ఊఁ అనేస్తే బాగుండదని, ఇంతకాలం ఆయన దగ్గర నేర్చుకున్న మర్యాద ప్రకారం, "మీకెందుకులెండి శ్రమ" అన్నాను. రెండోసారి అడుగుతాడని చెవి ఫోనుకు అతికించుకుని కూర్చున్నాను.

"సరే అయితే" అని పెట్టేశాడు.